అటక మీది ప్లేటు: కడగాల్సింది రికార్డును, ఫైలును కాదు

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో అటకలు దులపడం, పాత ట్రంకుపెట్టెలు దించడం మన ఇళ్లలో మామూలే. ఆ పెట్టెల్లో సినిమా పాటల రికార్డుల మధ్య 1960ల నాటి ఇంగ్లీషు గిటారు బృందాల ప్లేట్లు కొన్ని బయటపడుతుంటాయి. వాటిలో పాట ఉండదు, గొంతు ఉండదు. రెండు మూడు గిటార్లు, డ్రమ్ములు, మూడు నిమిషాల బాణీ, అంతే. ఇంట్లో కుర్రవాళ్లు ఉత్సాహంగా దుమ్ముతోనే తిప్పేస్తారు. ఆ తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, గరగర వినబడకుండా సాఫ్ట్‌వేర్‌తో గీకేస్తారు. మొదటి పని ప్లేటుకు చేటు, రెండోది సంగీతానికి చేటు. ఈ రెండు నష్టాలూ ఎలా జరుగుతాయో, ఎలా తప్పించుకోవచ్చో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం.

బ్రిటన్‌కు చెందిన షాడోస్ బృందం వాయించిన 'అపాచీ'నే తీసుకోండి. జెర్రీ లోర్డన్ కట్టిన ఈ బాణీని 1960 జూన్‌లో లండన్ ఆబీ రోడ్డులోని ఈఎంఐ స్టూడియోలో, నోరీ పారమోర్ పర్యవేక్షణలో రికార్డు చేశారు. జులైలో కొలంబియా లేబుల్ మీద డీబీ 4484 నంబరుతో విడుదలై, ఆగస్టు చివరికల్లా బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కి, అక్కడే ఐదు వారాలు నిలిచింది. ప్రధాన బాణీ హ్యాంక్ మార్విన్ ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటారుది. లయ బ్రూస్ వెల్చ్ అకౌస్టిక్ గిటారుది. బేస్ జెట్ హ్యారిస్, డ్రమ్ములు టోనీ మీహన్. మొదట్లోనూ చివర్లోనూ మోగే చైనా డప్పు వాయించినవాడు గాయకుడు క్లిఫ్ రిచర్డ్.

ఈ రికార్డుకు ప్రాణం మార్విన్ గిటారు వెనక ఉన్న మియాజీ అనే ఇటలీ ప్రతిధ్వని యంత్రం. తీగ మీటిన చప్పుడు స్పష్టంగా తగులుతుంది, దాని మారుమోత సన్నగిల్లుతూ తర్వాతి స్వరం కిందికి జారిపోతుంది. ఆ జారడం వినబడకపోతే మిగిలేది ఒట్టి బాణీ, దాన్ని ఎవరైనా వాయించగలరు. మారుమోత చివరి భాగం రికార్డు సహజమైన 'స్‌స్‌' శబ్దమంత మెల్లగా ఉంటుంది. శబ్దం తొలగించే సాఫ్ట్‌వేర్‌కు ఈ రెండింటికీ తేడా తెలియదు. గాయకుడి పాటలో కాస్త కోత పడినా మాటల్ని పట్టుకుని చెవి సర్దుకుంటుంది. వాద్య రికార్డులో పట్టుకోవడానికి మాట లేదు, ఆ ధ్వని తప్ప ఇంకేమీ లేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ తరహా రికార్డుల్లో లోపంలా వినిపించేది కొన్నిసార్లు కావాలని చేసినదే. అమెరికా గిటారిస్టు లింక్ రే 1958లో వాయించిన 'రంబుల్'లో గిటారు బొంగురుగా చిరిగినట్టు మోగుతుంది. యాంప్లిఫయర్ స్పీకర్ కాగితాన్ని పెన్సిల్‌తో పొడిచి తెచ్చిన ధ్వని అది. ముల్లు అరిగిందేమో అనుకుని దాన్ని సరిచేయబోతే రికార్డే పోతుంది. టోర్నాడోస్ బృందం 1962లో చేసిన 'టెల్‌స్టార్' మొదట్లోనూ చివర్లోనూ వినిపించే హోరు కూడా అలాంటిదే. లండన్ హాలోవే రోడ్డులోని తన ఫ్లాట్‌నే స్టూడియోగా మార్చుకున్న జో మీక్ దాన్ని పనిగట్టుకుని చేర్చాడు. ఆ ఏడాది జులైలో ఆకాశంలోకి వెళ్లిన ఉపగ్రహం పేరే ఆ బాణీకి పెట్టారు కదా, రాకెట్ హోరు లేకుండా ఎలా? అందుకే ముందు ప్లేటును వీలైనంత శుభ్రం చేసి, సరైన ముల్లుతో సరైన వేగంలో తిప్పాలి. అప్పటికీ మిగిలిన చప్పుడు రికార్డుదో, సంగీతానిదో తేల్చుకున్నాకే ఫైలు మీద చెయ్యి వేయాలి.

ముందుగా చేతిలో ఉన్నది ఏ రకం ప్లేటో చూడండి. బరువుగా, బిరుసుగా ఉండి, గోటితో తడితే పింగాణీలా మోగి, మీద 78 (నిమిషానికి తిరగాల్సిన చుట్లు) అని ఉంటే అది లక్క ప్లేటు. దానికి ఆల్కహాల్ చుక్క కూడా తగలకూడదు, లక్క కరిగిపోతుంది. కొద్దిగా వంగే 45, 33⅓ ప్లేట్లు వినైల్. అమెరికా నుంచి వచ్చిన 45ల్లో కొన్ని పాలిస్టైరీన్‌వి. వీటి గాడి వినైల్ కంటే తొందరగా అరుగుతుంది కాబట్టి మళ్లీమళ్లీ వేసి చూడకండి.

వినైల్ కడగడానికి ఒక లీటరు ద్రావణం చాలా ప్లేట్లకు వస్తుంది. 850 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, 150 మి.లీ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, వాసనా రంగూ లేని గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు. అంతకుమించి సబ్బు వేస్తే గాడిలో పొర కడుతుంది, తర్వాత ముల్లు దాన్ని ఉండలుగా పోగుచేసుకుంటుంది. ఆల్కహాల్ ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణాల్లో దొరుకుతుంది. దానికి బదులు చేతుల శానిటైజర్ వాడొద్దు, అందులోని గ్లిజరిన్ గాడిలో ఉండిపోతుంది. గోళ్ల రంగు తుడిచే అసిటోన్ వినైల్‌నే తినేస్తుంది. కొందరు మెరుపు కోసం కొబ్బరినూనె, కిరోసిన్ రాస్తారు, అది దుమ్మును పిలిచి కూర్చోబెట్టడమే. బోరు నీళ్లతో కడిగితే ఆరాక ఉప్పు మిగులుతుంది. ఆ తెల్లటి పొడి ప్రతి చుట్టులోనూ చిటపటమంటుంది. చాలామంది దాన్ని 'పాత రికార్డు కదా' అని సరిపెట్టుకుంటారు, నిజానికి అది కడిగినవాళ్లు చేర్చిన శబ్దం.

కోస్తా ఊళ్లలో దాచిన ప్లేట్ల మీద తెల్లటి బూజు మచ్చలు తప్పనిసరి. అట్టకవరులోని కాగితం, ప్లేటు మీది వేలిముద్రల జిడ్డు, తేమ, ఈ మూడూ దానికి మేత. ముక్కుకు మాస్కు కట్టుకుని, ఇంటి బయట, మెత్తటి పొడి బ్రష్‌తో ముందు దాన్ని దులపండి. తడి తర్వాతి సంగతి. లోపలి పాత కాగితపు తొడుగు పారేయండి. పైఅట్ట నీడలో గాలికి ఆరబెట్టి, విడిగా ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి. దాన్ని మాత్రం పారేయకండి, రికార్డు వయసు, అచ్చు వివరాలు తెలిసేది దానివల్లే.

ప్లేటును టర్న్‌టేబుల్ మీద పెట్టి రుద్దకూడదు, ఆ ఒత్తిడి కింది బేరింగు మీద పడుతుంది. బల్ల మీద మడతపెట్టిన శుభ్రమైన తువ్వాలు పరిచి, దానిమీద పెట్టండి. మధ్య లేబుల్ తడవకుండా దాని కొలతకు సరిపోయే మూత అడ్డం పెట్టుకోవచ్చు. ఏడు అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు 5 నుంచి 8 మి.లీ. ద్రావణం చాలు. ఒక నిమిషం నాననిచ్చి, మెత్తటి వెంట్రుకల బ్రష్‌తో గాడి వెంబడే గుండ్రంగా మూడు చుట్లు, మళ్లీ ఎదురు దిశలో మూడు చుట్లు తిప్పండి. గాడికి అడ్డంగా ఎప్పుడూ రుద్దకండి. మురికి ద్రావణాన్ని మైక్రోఫైబర్ గుడ్డతో ఎత్తేసి, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో రెండుసార్లు కడగండి. ఈ రెండో కడుగే చాలామంది మానేస్తారు, అక్కడే పని చెడుతుంది. వంటింట్లో స్టీలు పళ్లేలు నిలబెట్టే స్టాండులో అంచులు మాత్రమే తగిలేలా నిలబెట్టి రెండు మూడు గంటలు ఆరనివ్వండి. ఫ్యాను కింద పెడితే తడి గాడిలోకి గదిలోని దుమ్మంతా చేరుతుంది.

లక్క ప్లేట్లకు డిస్టిల్డ్ వాటర్, చుక్క లిక్విడ్ మాత్రమే. తడిపి వదలకుండా వెంటనే తుడిచేయాలి.

ఇక ముల్లు. మన ఇళ్లలో మిగిలిన ఫియస్టా లాంటి పెట్టె ప్లేయర్లలో చాలావాటికి తిప్పుడు కార్ట్రిజ్ (ముల్లును పట్టుకుని, దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ఉంటుంది. చిన్న మీట ఒకవైపు తిప్పితే 78 ముల్లు, రెండోవైపు తిప్పితే ఎల్పీ ముల్లు. 78 ముల్లు గుండ్రటి కొన వ్యాసార్థం సుమారు 75 మైక్రాన్లు, సన్న గాడి మోనో ప్లేట్లకు కావలసింది 25. పొరపాటున 78 వైపు ఉంచి 45 వేస్తే గాడి పైఅంచులు చెక్కుకుపోతాయి, ఆ నష్టం ఇక తిరిగిరాదు. ప్లేటు పెట్టేముందు ఆ మీట చూడటం అలవాటు చేసుకోవాలి. పైగా ఆ ప్లేయర్ల ముల్లు గాడి మీద 5, 6 గ్రాముల బరువు వేస్తుంది. మెరుగైన టర్న్‌టేబుళ్లలో ఉండే మూవింగ్ మాగ్నెట్ (అయస్కాంతంతో పనిచేసే) కార్ట్రిజ్‌కు 1.5 నుంచి 2 గ్రాములు చాలు. అందుకే అపురూపమైన ప్లేటును పెట్టె ప్లేయర్ మీద వేయవద్దనే మా సలహా. ఏళ్ల తరబడి మార్చని సఫైర్ ముల్లయితే అసలే వద్దు. సఫైర్ నికరంగా పనిచేసేది కొన్ని పదుల గంటలే, వజ్రపు ముల్లు వందల గంటలు నిలుస్తుంది. ఏ ముల్లునైనా ముందు పోయినా పర్వాలేదనుకునే ప్లేటు మీద పరీక్షించండి.

స్టీరియో కార్ట్రిజ్‌తో మోనో ప్లేటు వేయొచ్చు, దానివల్ల ఒక లాభం కూడా ఉంది. మోనో రికార్డులో సంగీతమంతా ముల్లు పక్కలకు కదలడంలోనే ఉంటుంది. పైకీ కిందికీ కదిలించేది చాలావరకు దుమ్మూ, అరుగుదలే. ఎడమ, కుడి చానళ్లను కలిపి మోనో చేస్తే ఆ నిలువు శబ్దం తనంతట తాను రద్దవుతుంది. ఇందులో సాఫ్ట్‌వేర్ ఊహలేమీ లేవు, సంగీతానికి నష్టమూ లేదు. కలిపేముందు రెండు చానళ్లనూ విడివిడిగా వినండి. గాడి రెండు గోడల్లో ఒకటి ఎక్కువ అరిగి ఉండటం సాధారణం. ఒక చానల్ శుభ్రంగా, రెండోది బొంగురుగా ఉంటే మంచిదాన్నే తీసుకుని రెండోది వదిలేయండి.

వేగం దగ్గర జరిగే పొరపాటు ఒకటి మన తెలుగు కుటుంబాల్లో తరచూ జరగగలది, వివరంగా చెప్పాలి. అమెరికాలో ఉన్న పిల్లలో బంధువులో అక్కడి పాత టర్న్‌టేబుల్ తెస్తారు. 110 వోల్టులది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి తిప్పుతారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీనే మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడిది 50. పాత ఏసీ సింక్రనస్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీనే అనుసరిస్తుంది కాబట్టి ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. 45 తిరగాల్సిన ప్లేటు 37.5 తిరుగుతుంది. శ్రుతి మూడు అర్ధస్వరాలకు పైగా దిగిపోతుంది. పాటైతే గొంతు మొద్దుబారింది గనక వెంటనే తెలిసిపోతుంది. గిటారు బాణీకి ఆ గుర్తు లేదు, 'ఎంత గంభీరంగా ఉందో' అని మురిసిపోతూ తప్పు వేగంలోనే వింటారు. 'అపాచీ' 'ఏ మైనర్' (A minor) అనే స్వరవరసలో ఉంది. ట్యూన్ చేసిన గిటారు పక్కన పెట్టుకుని ఆ కార్డు (కలిపి మీటే స్వరాల గుత్తి) మీటితే కలవాలి. ఎఫ్ షార్ప్ మైనర్ దగ్గర కలుస్తుంటే తప్పు మోటారుదే. ఆ మోడల్‌కు 50 హెర్ట్జ్ పుల్లీ దొరికితే మార్చించాలి, లేదా డీసీ మోటారు ఉన్న ప్లేయర్ వాడాలి.

వేగం కచ్చితంగా చూడాలంటే స్ట్రోబ్ చక్రం (ప్లేటు మీద పెట్టి తిప్పే, గీతల వలయాలున్న బిళ్ల) మేలు. 50 హెర్ట్జ్ దీపం కింద 33⅓కు 180 గీతలు, 45కు 133 గీతలు ఉన్న వలయం నిలిచిపోయినట్టు కనబడాలి. నియాన్ బల్బు వాడండి, చాలా ఎల్ఈడీ బల్బుల కింద ఈ పరీక్ష కుదరదు. 60 హెర్ట్జ్ చక్రంలో గీతలు 216, 160 ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి వాడినా పైన చెప్పిన తప్పే జరుగుతుంది. వేగం ఊగుతుంటే చాలాసార్లు నేరం రబ్బరు బెల్టుదే. సాగిపోయి, జిగటగా మారి ఉంటుంది. కొత్తది వేసేముందు పుల్లీకి అంటిన జిగురును ఆల్కహాల్‌తో తుడవాలి.

ఇప్పుడు చెవిపెట్టి వినండి. చప్పుళ్లకు వాటి లెక్క ఉంటుంది. 45 ప్లేటు ఒక చుట్టుకు 1.33 సెకన్లు, 33⅓ ప్లేటు 1.8 సెకన్లు తీసుకుంటుంది. 'టిక్' అనేది కచ్చితంగా ఆ వ్యవధిలోనే మళ్లీమళ్లీ వస్తుంటే గాడులకు అడ్డంగా గీత పడిందన్నమాట, కడిగితే పోదు. అడ్డదిడ్డంగా చిటపటలాడుతుంటే మురికో స్థిరవిద్యుత్తో. మరోసారి కడగడం వల్ల లాభం ఉంటుంది. చుట్టుకోసారి లోతైన 'ధడ్' వస్తే ప్లేటు వంగింది. బిగ్గరగా మోగే చోట్ల, ముఖ్యంగా లేబుల్‌కు దగ్గరయ్యేకొద్దీ బొంగురు పెరుగుతుంటే గాడి అరిగింది. 45 ప్లేటు అంచు దగ్గర ముల్లు కింద గాడి సెకనుకు సుమారు 40 సెంటీమీటర్లు పరుగెడుతుంది. చివరికొచ్చేసరికి అది 25 సెంటీమీటర్లకు పడిపోతుంది, అదే సంగీతం ఇరుకు చోటులో ఇమడాలి. 'అపాచీ'లో క్లిఫ్ రిచర్డ్ డప్పు మళ్లీ వచ్చే చివరి భాగం సరిగ్గా ఈ ఇరుకులోనే ఉంది.

స్వరం మెల్లగా పైకీ కిందికీ ఊగుతోందా? మధ్య రంధ్రం సరిగ్గా మధ్యలో లేని ప్లేట్లలో ఇది మామూలు. అర మిల్లీమీటరు పక్కకు ఉన్నా చెవికి తెలుస్తుంది. మార్విన్ గిటారు మీద ట్రెమలో మీట కదిపి కూడా స్వరాన్ని ఊపుతాడు, దాన్ని దీన్ని కలగలపకూడదు. ఆయన ఊపు వేగమైనది, కొన్ని స్వరాల మీదే ఉంటుంది. రంధ్రం తెచ్చిన ఊపు ప్రతి 1.33 సెకన్లకు ఒకసారి, మొదటి నుంచి చివరి దాకా, బేస్‌తో సహా అన్నింటినీ ఊపుతుంది.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు మధ్యలో ఫోనో ప్రీయాంప్ తప్పనిసరి. రికార్డు కోసేటప్పుడు బేస్‌ను తగ్గించి, పై స్వరాల్ని పెంచి కోస్తారు. రెండు కొసల్లోనూ ఆ తేడా దాదాపు 20 డెసిబెల్స్. ప్రీయాంప్ దాన్ని తిరగేస్తుంది. అది లేకపోతే డప్పు మాయమై, గిటారు రేకు డబ్బాలా మోగుతుంది, నింద రికార్డుకు వస్తుంది. పెట్టె ప్లేయర్ల సిరామిక్ కార్ట్రిజ్‌కు మాత్రం ఇది అక్కర్లేదు, పెడితే బేస్ ఉబ్బిపోతుంది. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో వైరు గుచ్చకండి. చాలావాటిలో అది మోనో, పైగా స్థాయిని తనంతట తానే పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. స్వరం తగ్గగానే స్థాయి పెంచేస్తుంది కాబట్టి సన్నగిల్లాల్సిన మారుమోత సన్నగిల్లదు. లైన్ ఇన్‌పుట్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ పెట్టె వాడండి. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్నటి ఎర్త్ తీగను ప్రీయాంప్ మరకు బిగించండి. అప్పటికీ గుయ్యిమంటుంటే ల్యాప్‌టాప్ చార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేసి చూడండి. మన ఇళ్లలో చాలా సాకెట్లకు సరైన ఎర్త్ ఉండదు.

రికార్డింగుకు ఎంచుకోవాల్సింది 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, వేవ్ ఫైలు. అత్యంత బిగ్గరైన చోట మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా స్థాయి పెట్టుకోండి. స్టీరియోలో నిమిషానికి సుమారు 35 మెగాబైట్లు పడుతుంది. మొదటి స్వరానికి ముందు, చివరి స్వరం తర్వాత ఖాళీ గాడిని కూడా రికార్డు చేయండి. ఈ మొదటి ఫైలును ముట్టుకోకుండా రెండుచోట్ల దాచి, నకలు మీదే పనిచేయండి.

నకలు మీద కూడా 'అన్ని క్లిక్కులూ తీసేయి' అనే బటన్ నొక్కవద్దు. తీగకు ప్లెక్ట్రమ్ (మీటే బిళ్ల) తగిలిన క్షణం, డప్పు మీద దెబ్బ పడిన క్షణం, రెండూ సాఫ్ట్‌వేర్ కంటికి క్లిక్కులే. అది వాటిని నునుపు చేస్తే గిటారు దూది చుట్టినట్టు మోగుతుంది. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో రిపేర్ అనే సాధనం ఒకసారికి 128 శాంపిళ్లు, అంటే 96 కిలోహెర్ట్జ్ ఫైలులో 1.3 మిల్లీసెకన్లు మాత్రమే సరిచేస్తుంది. గీత వల్ల వచ్చే టిక్కులకు అది చాలు. 1.33 సెకన్ల లెక్కన అవి ఎక్కడుంటాయో ముందే తెలుసు కాబట్టి ఒక్కొక్కటీ పెద్దదిచేసి చూసి చేత్తో సరిచేయొచ్చు. మూడు నిమిషాల 45 ప్లేటంటే 135 చుట్లు. గీత అంతటా ఉన్నా ఒక సాయంత్రం పని. సన్నటి 'స్‌స్‌'ను అలాగే వదిలేయండి, చెవి దాన్ని నిమిషంలో మరచిపోతుంది.

దాచడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నిలువుగా, బిగించకుండా, పాలిథీన్ లోపలి తొడుగుల్లో, వంటింటికీ పడమటి గోడకూ దూరంగా. మే నెలలో ఎండలో ఆపిన కారులో వదిలితే అరగంటకే ప్లేటు అప్పడంలా వంకరపోవచ్చు.

ఫైలు చేశాక ఇంటర్నెట్‌లో పెట్టొచ్చా అనే ప్రశ్న వస్తుంది. మన చట్టం ప్రకారం ధ్వని రికార్డింగు హక్కు, ప్రచురించిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. 1960 నాటి రికార్డింగుకు అది 2020తో ముగిసింది. బాణీ హక్కు వేరు. అది స్వరకర్త మరణించాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. లోర్డన్ 1995లో కన్నుమూశాడు. బ్రిటన్‌లో గడువు మన కంటే ఎక్కువ. ఇంట్లో వినడానికి, దాచుకోవడానికి చేసుకోండి, బహిరంగంగా పెట్టకండి.

చివరగా పత్రికకు ఒక మనవి. పాత గ్రామఫోన్ ప్లేట్లను వేడిచేసి గిన్నెలుగా, గోడ గడియారాలుగా మలిచే చిట్కాలు ఆదివారం అనుబంధాల్లో, వీడియోల్లో చెబుతుంటారు. అలాంటివి వేసినప్పుడు రెండు మాటలు చేర్చండి. గాడి పూర్తిగా పోయినవీ, విరిగినవీ మాత్రమే వాడాలి. వంటకు వాడే ఓవెన్‌లో ప్లేటు పెట్టకూడదు. వినైల్ అంటే పీవీసీ, మితిమీరి వేడెక్కితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే ఘాటైన వాయువు వదులుతుంది. ప్లేటు మీద ఏముందో తెలియకపోతే, కోసేముందు లేబుల్‌నూ, లేబుల్ చుట్టూ నున్నటి భాగంలో గీసిన నంబరునూ ఫొటో తీసి తెలిసినవారికి చూపించమనండి.

ఇట్లు,
పాత రికార్డుల సేకరణ, మరమ్మతు పనుల్లో ఉన్న కొందరు పాఠకులు,
విశాఖపట్నం